ఫైబర్ పడవలో చెక్క కుళ్లితే

పాత ఫైబర్ పడవ పైకి ఎంత నిగనిగలాడినా, ఇంజిన్ బిగించే వెనుక పలక లోపల చాలావరకు చెక్కే ఉంటుంది. కుళ్లేది అదే.

లక్షణం
ఇంజిన్ ఎత్తిదించినప్పుడు పలక కదులుతుంది. బోల్టు ఎంత బిగించినా మర్నాటికి వదులవుతుంది, వాషరు ఫైబర్‌లోకి దిగబడుతుంది. సుత్తి పిడితో అంగుళం అంగుళం తట్టి చూడండి. మంచి చెక్క టక్కుమని పలుకుతుంది, కుళ్లినది మట్టిగోడను కొట్టినట్టు మందంగా మోగుతుంది. అనుమానం వచ్చిన చోట లోపలి వైపు నుంచి, బయటి పొరను తాకకుండా, సన్నటి డ్రిల్లు దించండి. పొట్టు లేతరంగులో పొడిగా రాలితే భయం లేదు. పోయిన వేసవిలో విశాఖ పెద జలారిపేట ఒడ్డున ఒక పడవకు ఇలా చేస్తే, వాడిపారేసిన టీపొడిలాంటి నల్లటి ముద్ద వచ్చింది. వేళ్ల మధ్య పిండితే నీరు కారింది.

కారణం
అందరూ సముద్రాన్ని తిడతారు. చెక్కను తినే బూజుకు ఉప్పు అంతగా సరిపడదు, దానికి కావలసింది వాననీరు. అక్టోబరు, నవంబరు వాయుగుండాల్లో మూత లేకుండా ఒడ్డున పడి ఉన్న పడవలో నీరు నిలుస్తుంది. సీలెంటు, అంటే నీరు చొరకుండా పూసే జిగురు, పోయిన బోల్టు రంధ్రాల గుండా లోపలికి దిగుతుంది. రెండు వైపులా ఫైబర్ ఉండటంతో ఇక ఆరే దారి ఉండదు.

పరిష్కారం
రంధ్రాలు చేసి రెజిన్ (పోశాక గట్టిపడే జిగురు ద్రవం) పోసి మూసేయమని సలహా ఇస్తారు. దయచేసి వినకండి. తడి చెక్క రెజిన్‌ను పీల్చుకోదు, కుళ్లు లోపల సాగుతూనే ఉంటుంది.

తూర్పు తీరంలో వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఈ పనికి అనువైనవి. ముక్కుకు మాస్కు కట్టుకుని లోపలి ఫైబర్ పొరను కోసి తీయండి, బయటి పొరను మాత్రం కదపకండి, కొత్త చెక్కకు అదే అచ్చు. గట్టి చెక్క తగలగానే ఆగకండి, దానిలోకి మరికొంత చెక్కండి. పలకను పూర్తిగా ఆరనివ్వండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, తొందరపడితే పని మళ్లీ మొదటికొస్తుంది.

కొత్త చెక్కకు ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారత ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. కోసిన అంచులన్నిటికీ ఎపాక్సీ రెజిన్ పట్టించి, ఎపాక్సీతోనే అతికించండి. పాత ఫైబర్‌ను పాలియెస్టర్ రెజిన్ కంటే అదే గట్టిగా పట్టుకుంటుంది. పై పొరకు గాజు పోగుల నేత గుడ్డ వాడండి. నేయకుండా పోగులను పరిచి అతికించిన మామూలు మ్యాట్‌లో, వాటిని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రవానికి కరుగుతుంది కానీ ఎపాక్సీకి కరగదు. ఎండలో ఎపాక్సీ త్వరగా గడ్డకడుతుంది కనుక కొద్దికొద్దిగా కలుపుకోండి.

చివరగా బోల్టు రంధ్రాలు. కావలసిన దానికంటే పెద్దవిగా వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో బోల్టు సైజుకు మళ్లీ డ్రిల్లు చేయండి. అప్పుడు బోల్టు చెక్కకు తగలదు. సీలెంటు పూసి బిగించి, మొదటి వేట నుంచి తిరిగి రాగానే మరోసారి బిగించి చూడండి.