ఫ్రీక్యాడ్‌లో మూడో కొలత పెట్టిన పేచీ
ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బేస్ ప్లేట్ స్కెచ్ గీస్తున్నాను. వెడల్పు 120 మి.మీ., బోల్టు రంధ్రం ఎడమ అంచు నుంచి 20. కుడి అంచు నుంచి 100 కూడా పెట్టగానే రిడండెంట్ కన్‌స్ట్రెయింట్ (అవసరానికి మించిన కట్టడి) అని మొరాయించింది. లెక్క సరిగ్గానే ఉంది కదా! అదే తంటా: మొదటి రెండింటితోనే మూడోది తేలిపోతుంది, మళ్లీ చెబితే ఒప్పుకోదు. సందేశంలోని లింకు నొక్కితే పేచీ పెడుతున్న కొలత సెలెక్ట్ అయింది. నాకు ఆ 100 కంటికి కనిపించాలి కాబట్టి తీసేయకుండా రిఫరెన్స్‌గా, అంటే కట్టడి చేయకుండా చూపించడానికి మాత్రమే ఉండే కొలతగా మార్చాను. ఎరుపు అంకె నీలంగా మారింది.

అయినా స్కెచ్ పూర్తిగా పచ్చబడలేదు, అంటే ఇంకా ఏదో కొలత తక్కువైంది. రంధ్రం కేంద్రాన్ని పట్టుకుని మౌస్‌తో లాగితే పైకీ కిందికీ జారుతోంది. కింది అంచు నుంచి 40 ఇచ్చాక కుదురుకుంది.

డీఎక్స్ఎఫ్ (క్యాడ్ డ్రాయింగ్ ఫైలు) నుంచి తెచ్చిన గీతల సంగతి వేరు. మూలలు కలిసినట్టే కనిపిస్తాయి, కలవవు. స్కెచ్ మూసేసి వ్యాలిడేట్ స్కెచ్ అనే తనిఖీ నడిపితే అవి బయటపడతాయి.