డాక్స్‌లో ఉన్న ఎగ్జాంపుల్ నిజంగా టెస్టేనా? ఇలా తేల్చుకోండి

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు వైపు పీజీల్లో ఉంటూ కొత్తగా పైథాన్ ప్రాజెక్టుల్లో చేరిన మనవాళ్లు అడిగే డౌట్ ఇది, "అన్నా, డాక్‌స్ట్రింగ్‌లో ఎగ్జాంపుల్స్ ఉన్నాయి కదా, అంటే టెస్టులు ఉన్నట్టేనా?" అని. డాక్‌స్ట్రింగ్ అంటే ఫంక్షన్ లోపల మొదట్లో రాసే వివరణ. అందులో ఎగ్జాంపుల్ ఉంది కదా అని చూడకుండా టెస్టులు ఉన్నట్టు అనుకోవద్దు తమ్ముడూ.

ముందు >>> గుర్తు కోసం వెతకండి. అది లేకుండా ఉత్త కోడ్ ముక్క ఉంటే అది చదువుకోడానికే, పైథాన్‌తో పాటే వచ్చే డాక్‌టెస్ట్ (డాక్‌స్ట్రింగ్ ఎగ్జాంపుల్స్‌ని నడిపి చూసే టూల్) దాన్ని అసలు పట్టించుకోదు. గుర్తు ఉన్నా పక్కన స్కిప్ అని రాసి ఉందేమో చూడండి, ఉంటే ఆ లైన్ రన్ అవ్వదు.

తర్వాత ఫైల్ మీద డాక్‌టెస్ట్ నడపండి, కానీ అన్నీ పాస్ అయినా ఏమీ ప్రింట్ అవ్వదు, ఒక్క టెస్టూ లేకపోయినా ఏమీ ప్రింట్ అవ్వదు, చాలామంది మోసపోయేది ఇక్కడే. అందుకే వెర్బోస్ ఆప్షన్ (-v, వివరాలన్నీ చూపించేది) పెట్టి నడపండి. సున్నా టెస్టులున్నా చివర్లో పాస్ అనే చెప్తుంది కాబట్టి ఆ మాట వదిలేసి పైన ఎన్ని టెస్టులు, ఏయే ఫంక్షన్లకి టెస్టుల్లేవు అనే లిస్టు చదవండి. అంకె పెద్దగా ఉందని కూడా సంబరపడొద్దు, ఉత్త ఇంపోర్ట్ లైన్ కూడా అందులో లెక్కే.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, ఎగ్జాంపుల్ కింద రాసిన జవాబుని కావాలని మార్చడం. 5 ఉన్నచోట 6 పెట్టి టీమ్ రోజూ వాడే కమాండ్‌తోనే టెస్టులు నడపండి. ఫెయిల్ అయిందా, అది నిజం టెస్ట్. గ్రీన్‌గానే ఉందా, దాన్ని ఎవరూ నడపట్లేదు.

ఎక్కువగా కారణం ఏంటంటే చాలా టీమ్‌లు టెస్టులు నడపడానికి వాడే పైటెస్ట్ మామూలుగా డాక్‌స్ట్రింగ్‌లు చూడదు, డాక్‌టెస్ట్ మాడ్యూల్స్ ఆప్షన్ ఇవ్వాలి. టెస్టులేవీ దొరక్కపోతే ఎగ్జిట్ కోడ్ 5 ఇస్తుంది, కానీ పక్కన మామూలు టెస్టులు ఉంటే ఆ 5 రాదు కాబట్టి సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టుల్ని దానంతటదే నడిపే సెటప్) ఎవరికీ తెలీదు.

రస్ట్ భాష అయితే లైబ్రరీలో కార్గో టెస్ట్ కమాండ్ డాక్ ఎగ్జాంపుల్స్‌ని తనే నడుపుతుంది, ఇగ్నోర్, నో_రన్ లాంటి గుర్తులు ఉన్నవి తప్ప. గో భాషలో ఎగ్జాంపుల్ ఫంక్షన్ చివర అవుట్‌పుట్ కామెంట్ లేకపోతే కంపైల్ అవుతుంది అంతే, రన్ అవ్వదు.

మార్చిన జవాబుని వెనక్కి పెట్టేసి, పైథాన్ ప్రాజెక్టు సీఐ కాన్ఫిగ్‌లో డాక్‌టెస్ట్ మాడ్యూల్స్ ఆప్షన్ లేకపోతే కలిపి పీఆర్ (టీమ్ చూసి ఓకే చేయాల్సిన మార్పు) పెట్టండి. పాత అవుట్‌పుట్లు కొన్ని ఫెయిల్ అవ్వొచ్చు, భయపడకుండా ఒక్కోటీ సరిచేసి అదే పీఆర్‌లో పంపండి.