అల్లం: పచ్చడికి వేయించి, మజ్జిగకి దంచి, పానకానికి శొంఠిగా

మా అత్తగారి ఊరు మంగళగిరి. పెళ్లయిన కొత్తలో నేను అన్నిటికీ ఒకే అల్లం ముద్ద వాడేస్తుంటే ఆవిడ ఆపి చెప్పారు: "పచ్చడికి వేయించు, మజ్జిగకి పచ్చిది దంచు, పానకానికి శొంఠి కొట్టు." ఎండాకాలం వంటింట్లో ఇప్పటికీ నేను పాటించే పద్ధతి అదే.

పచ్చడికి ముదురు అల్లమే కావాలి. లేత అల్లానికి ఘాటు చాలదు. వంద గ్రాములు తీసుకుని చెంచా అంచుతో గీకితే పొట్టు పల్చగా వచ్చేస్తుంది, కండ వృథా కాదు. కడిగాక గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరనివ్వండి. అడ్డంగా పల్చటి చక్రాల్లా కోయండి. నిలువుగా కోస్తే పీచు పొడుగ్గా మిగిలి, మిక్సీలో ఎంత తిప్పినా పంటికి తగులుతుంది. రెండు చెంచాల నూనెలో సన్నటి సెగ మీద అంచులు బంగారు రంగుకి తిరిగేదాకా వేయించండి. పచ్చి వాసన పోయి కమ్మటి వాసన మొదలవుతుంది, అప్పుడు దించాలి. నల్లబడితే మాత్రం చేదెక్కుతుంది.

అదే మూకుడులో అర చెంచా మెంతులు, ఇరవై ఎండుమిర్చి, చెంచా జీలకర్ర వేయించుకోండి. వంద గ్రాముల చింతపండుని కాచిన నీళ్లు కొద్దిగా పోసి నానబెట్టండి. ముందు మిర్చి, మెంతులు, జీలకర్ర ఉప్పు వేసి పొడి చేసి, తర్వాత అల్లం, చింతపండు, చివర్లో రెండు వందల గ్రాముల బెల్లం వేసి రుబ్బండి. బెల్లం ముందే వేస్తే పాకంలా జారిపోయి అల్లం సరిగ్గా నలగదు. ఆవాలు, మినప్పప్పు, ఇంగువ, కరివేపాకు తాలింపు పెట్టండి. తడి చెంచా పెట్టకపోతే ఫ్రిజ్‌లో నెలరోజులు ఉంటుంది. ఈ పచ్చడి లేకుండా నేను పెసరట్టు వడ్డించను.

మజ్జిగకి కప్పు పెరుగు, నాలుగు కప్పుల నీళ్లు పోసి కవ్వంతో చిలకండి. అంగుళం అల్లం, ఒక పచ్చిమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు, కాస్త ఉప్పు రోట్లో కచ్చాపచ్చాగా దంచి కలపండి. దబ్బాకు దొరికితే నలిపి వేయండి, ఆ వాసనే వేరు. పది నిమిషాలాగి వడకట్టి తాగేయాలి. ఒకసారి మధ్యాహ్నం చుట్టాలొస్తారని నేను పొద్దున్నే కలిపి ఉంచేశాను. వాళ్లొచ్చేసరికి మజ్జిగంతా చేదు! పచ్చి అల్లంలో పాల ప్రోటీన్‌ని విరిచే ఎంజైమ్ ఉంటుంది, ఆ చేదు దాని పనే. టీ పాలలో పచ్చి అల్లం వేస్తే విరిగిపోవడానికీ అదే కారణం. అందుకే టీలో అల్లాన్ని ముందు నీళ్లలో బాగా మరిగించి, ఆ తర్వాతే పాలు పోస్తాను.

ఇక పానకం. మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామికి శంఖంతో పానకం పోస్తారు. స్వామి సగం తాగి, సగం మనకు ప్రసాదంగా మిగులుస్తాడని నమ్మకం. ఇంట్లో చేయాలంటే లీటరు నీళ్లలో రెండు వందల గ్రాముల బెల్లం కరిగించి పల్చటి గుడ్డలో వడకట్టండి, ఇసుక ఉంటే పోతుంది. నీళ్లు కాచక్కర్లేదు. చెంచా మిరియాలు, నాలుగు యాలకులు, చిన్న శొంఠి కొమ్ము అప్పటికప్పుడు దంచాలి. శొంఠి పొడి అర చెంచా దాటకూడదు, గొంతు మండుతుంది. మిరియాలు మరీ మెత్తగా కాకుండా బరకగా ఉంటేనే గుక్క గుక్కకీ తగులుతాయి. బియ్యపు గింజంత పచ్చకర్పూరం, నాలుగు తులసాకులు వేసి కొత్త కుండలో పోయండి. కుండ చుట్టూ తడిగుడ్డ చుట్టి, గాలి ఆడే చోట గంటసేపు ఉంచండి. ఐసు వేయొద్దు. మరీ చల్లబడితే మిరియం ఘాటు నాలుకకి తెలియదు. మసాలా అడుక్కి దిగిపోతుంది కాబట్టి ప్రతి గ్లాసు పోసే ముందు గరిటెతో ఒకసారి కలపండి.