సొంత పేరుతో ఒప్పుకోవడం – నాలుగవ పాఠం

రాత్రి పడుకోబోయే ముందు ఆనాటి నడతను పరీక్షించుకోవడం గత పాఠంలో అభ్యసించాము. ఆ పరీక్షలో బయటపడినదాన్ని దాని సొంత పేరుతో రాసుకోవడం ఈ వారపు పని.

యెహోషువ గ్రంథం 7వ అధ్యాయం తెరవండి. యెరికో పట్టణపు దోపుడు సొమ్ములోంచి దొంగిలించిన ఇశ్రాయేలీయుడు ఆకాను దాన్ని ఒప్పుకున్నప్పుడు షీనారు (బబులోను దేశపు) పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి అని తూకంతో సహా చెప్పి, అవి డేరా మధ్య భూమిలో ఉన్నాయనీ, వెండి వాటి అడుగున ఉందనీ చోటు కూడా చూపించాడు. అయితే దోషి ఎవరో తేల్చే విచారణలో గోత్రం, వంశం, కుటుంబం దాటి వేలు తనమీదికి వచ్చేదాకా నోరు విప్పలేదు. 1 యోహాను 1:9లో 'ఒప్పుకొనుట' అని మనం చదివే గ్రీకు మాటకు మూలార్థం 'అదే మాట పలకడం'. దేవుడు దొంగతనమన్నదాన్ని మనమూ దొంగతనమనే అనాలి.

ఒడిశాలోని గుణుపురంలో నేను సంఘపు కానుకల లెక్క చూసే రోజుల్లో, ఒక వర్షాకాలం ఇంటి అవసరానికి 600 రూపాయలు వాడుకొని, పుస్తకంలో ఒడియాలో 'చిల్లర ఖర్చు' అని రాసి, మోకాళ్ల మీద మాత్రం తెలుగులో 'ప్రభువా, నా బలహీనతలు క్షమించు' అని ప్రార్థించేవాణ్ణి. బజారుకొక భాష, ప్రార్థనకొక భాష ఉన్న సరిహద్దువాళ్లకు ఈ రెంటి సందు మంచి దాగుడుచోటు. అందుకే నేను పెట్టే నియమం: తప్పు ఏ భాషలో జరిగిందో ఆ భాషలోనే రాయండి. ఏమి, ఎవరిది, ఎంత, ఎప్పటినుండి అన్నవి ఒకే వాక్యంలో రావాలి. 'బలహీనత', 'పొరపాటు' అన్న మాటలు రాకూడదు. అందులో వేరొకరి గుట్టు కలిసి ఉంటే వారి పేరు రాయకండి.

సొమ్ము విషయమైతే సంఖ్యాకాండము 5:7 ప్రకారం మూలధనానికి అయిదవ వంతు కలిపి, నష్టపోయినవారికే చెల్లించాలి. నా లెక్క 720 రూపాయలు తేలింది. సంఘపెద్ద ఇంటికి వెళ్లేసరికి ఆయన పెరట్లో జీడిపిక్కలు ఆరబోస్తున్నారు. నేను చెప్పినదంతా విని, చేతులు దులుపుకొని, "రసీదు రాసేదా, బాబూ?" అన్నారు. తర్వాత పాత పుస్తకం తెప్పించి, 'చిల్లర ఖర్చు' అన్న వరుసను నా చేతనే కొట్టివేయించి, దానిపైన జరిగినది ఒడియాలో రాయించారు. ఆ రెండు మాటలు రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఈ వారం ఒక్క వాక్యమే రాయండి. దాన్ని ఎవరికి వినిపించాలో, ఎవరికి వినిపించకూడదో యాకోబు 5:16 ఆధారంగా అయిదవ పాఠంలో చూద్దాం.