అలీయా టైసనా అని అడిగితే, ముందు ఏ ఏడాది అలీ అని అడగండి

బాక్సింగ్ రింగులో మహమ్మద్ అలీ, మైక్ టైసన్ తలపడితే ఎవరు గెలుస్తారు అని ఎవరైనా అడగ్గానే మనం చేసే మొదటి తప్పు, వెంటనే జవాబు చెప్పేయడం. మా బావ అయితే ప్రశ్న పూర్తి కాకముందే "టైసనే, రెండో రౌండు" అని తేల్చేస్తాడు. నేను అలీ అంటాను. పది నిమిషాల్లో గొంతులు లేస్తాయి, అక్క వచ్చి పిల్లలు పడుకున్నారని ఇద్దర్నీ కసిరి వెళ్తుంది. ఏళ్ల తరబడి ఇదే తంతు. తర్వాతెప్పుడో అర్థమైంది, మేం అసలు ఒకే ఫైట్ గురించి మాట్లాడుకోవడం లేదు. బావ తలలో ఉన్న అలీ 1980లో లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిని ఇక లేవలేకపోయిన 38 ఏళ్ల మనిషి. నా తలలో ఉన్న టైసన్ 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ కొడితే పడిపోయి, మోకాళ్ల మీద పాకుతూ, పళ్లకి దెబ్బ తగలకుండా పెట్టుకునే మౌత్‌పీస్ వెతుక్కుని దాన్ని వంకరగా నోట్లో పెట్టుకున్న మనిషి.

అందుకే ముందు తేదీ ఖాయం చేసుకోండి. ఏడాది చెప్పినా చాలదు, ఫలానా రాత్రి అని చెప్పాలి. నేను అలీకి 1966 నవంబర్ 14 తీసుకుంటాను, హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడో రౌండులో ముగించిన రోజు, వయసు 24. టైసన్‌కి 1988 జూన్ 27, అట్లాంటిక్ సిటీలో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడగొట్టిన రోజు, 22 నిండటానికి ఇంకా మూడు రోజులుంది. (అలీ ఆ విలియమ్స్ ఫైట్ ఆడేనాటికి టైసన్ నాలుగున్నర నెలల పసివాడు. ఆ మధ్య మన తెలుగు సినిమాలో కనిపించిన టైసన్‌ని బట్టి తీర్పు చెప్పేవాళ్లతో వాదించకండి.) అయితే ఎదుటివాడు ఎవరో కూడా చూడాలి. విలియమ్స్‌కి రెండేళ్ల ముందు పోలీసు తూటా తగిలి ఒక కిడ్నీ పోయింది. స్పింక్స్ కింది బరువు విభాగం నుంచి వచ్చినవాడు. కాబట్టి ఆ రాత్రులు మనవాడు ఎంత ఫామ్‌లో ఉన్నాడో చెబుతాయి కానీ, ఎంత గట్టివాణ్ణి కొట్టగలడో చెప్పవు.

తర్వాత రూల్సు. ఇది బోరుగా ఉంటుంది కానీ సగం గొడవ ఇక్కడే తీరిపోతుంది. అలీ కాలంలో టైటిల్ ఫైటు 15 రౌండ్లు. 1982లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ దుక్ కూ రింగులో తగిలిన దెబ్బలతో చనిపోయాక మెల్లగా 12కి దించారు. మూడు రౌండ్లు తగ్గితే, తొందరగా ముగించే టైసన్‌కే లాభమని వేరే చెప్పక్కర్లేదు. దానికన్నా ముఖ్యం రిఫరీ. అలీ దగ్గరికొచ్చినవాడి మెడ మీద చెయ్యేసి కిందికి నొక్కి పట్టేవాడు. 1974లో జో ఫ్రేజర్ అనే బాక్సర్‌తో రెండో ఫైట్ చూడండి, ఎన్నిసార్లు పట్టాడో లెక్కపెడితే మీకే విసుగొస్తుంది. మరుసటేడు మనీలాలో ఫ్రేజర్‌తోనే మూడో ఫైటులో రిఫరీ ఆ చెయ్యి తీసేయిస్తూ వచ్చాడు, అలీకి నరకం కనిపించింది. టైసన్ లాంటి పొట్టివాడి మీద ఆ పట్టు చెల్లుతుందా లేదా అన్నది ముందే ఒప్పుకోండి.

ఇక అందరూ పడే గుంట ఒకటుంది: "వాణ్ణి వీడు కొట్టాడు, వీణ్ణి ఇంకొకడు కొట్టాడు, కాబట్టి..." అనే లెక్క. బాక్సింగ్‌లో ఇది పనిచెయ్యదు. జార్జ్ ఫోర్‌మన్ అనే బాక్సర్ 1973లో ఫ్రేజర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు, మరుసటేడు కెన్ నార్టన్‌ని కూడా రెండు రౌండ్లలోనే ముగించాడు. ఆ ఇద్దరూ అలీని ఓడించినవాళ్లే, నార్టన్ అయితే దవడ కూడా విరగ్గొట్టాడు. ఈ లెక్కన ఫోర్‌మన్ ముందు అలీ నిలవకూడదు. కిన్షాసాలో ఏమైందో అందరికీ తెలుసు, ఎనిమిదో రౌండులో ఫోర్‌మన్ నేల మీదున్నాడు.

49 గెలుపులు, సున్నా ఓటమి అని పాత ఛాంపియన్ రాకీ మార్సియానో రికార్డు పట్టుకొచ్చేవాళ్లకీ ఇదే మాట. 1969లో ఒకాయన కంప్యూటర్‌తో లెక్కలు కట్టించి, రిటైరైన మార్సియానోనీ నిషేధంలో ఉన్న అలీనీ కెమెరా ముందు నటింపజేసి, రకరకాల ముగింపులు తీసిపెట్టుకున్నాడు. అమెరికాలో వేసిన దాంట్లో మార్సియానో గెలుస్తాడు. అసలు మార్సియానో అది విడుదలయ్యేలోపే విమాన ప్రమాదంలో పోయాడు. కంప్యూటర్ చెప్పింది కదా అనేవాడికి ఈ కథ చెప్పండి చాలు.

మరి దేన్ని నమ్మాలి? ఎదుటివాడిలా ఆడేవాళ్లతో మనవాడు ఎలా ఆడాడో చూడటమే నాకు తెలిసిన దారి. అలీని పడేసిన దెబ్బలు వరసగా చూడండి: 1962లో సన్నీ బ్యాంక్స్, 1963లో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజర్. ముగ్గురిదీ లెఫ్ట్ హుక్కే, అంటే ఎడమ చెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ. ఆ మూడోది స్లో మోషన్‌లో చూడండి, పదిహేనో రౌండు, అలీ కుడి చెయ్యి కాస్త కిందికి జారుతుంది, ఫ్రేజర్ చెయ్యి ఎక్కడో నడుము దగ్గర నుంచి లేచి దవడకి తగులుతుంది, అలీ వెల్లకిలా పడుతుంటే బూట్లకున్న ఎర్ర కుచ్చులు గాల్లోకి లేస్తాయి. నాలుగు సెకన్లలో లేచాడు, అదీ చెప్పుకోవాలి. టైసన్‌కి లెఫ్ట్ హుక్ ఉంది, ఫ్రేజర్ కన్నా వేగంగా మొదలుపెడతాడు, పైగా ఎత్తు తక్కువని చిన్నవాడనుకుంటాం కానీ స్పింక్స్ ఫైటు రాత్రి 218 పౌండ్లు, విలియమ్స్ ఫైటులో అలీ కన్నా ఐదు పౌండ్లు ఎక్కువ.

ఇటు పక్క టైసన్‌ని చూడండి. పొడుగు చేతులవాడు జాబ్ (ముందు చేత్తో సూటిగా పొడిచే దెబ్బ) కొట్టి, దగ్గరికొస్తే పట్టేసుకుంటే టైసన్ చిరాకు పడతాడు. 1987లో బోన్‌క్రషర్ స్మిత్ 12 రౌండ్లూ అలాగే వేలాడాడు, టోనీ టక్కర్ కూడా 12 రౌండ్లు లాగాడు. వాళ్లిద్దరికీ అలీ కాళ్లు లేవు. అలీ చేతుల చాపు 78 అంగుళాలు, టైసన్‌ది 71. ఇంకోటి, కిందపడి లేచి గెలిచిన ఫైటు టైసన్‌కి ఒక్కటీ లేదు.

చివరగా, ఫలానావాడు గెలుస్తాడు అని ఊరుకోకండి, రౌండు రౌండుకీ కథ చెప్పండి, బొక్కలు అప్పుడే బయటపడతాయి. నా కథ ఇదీ: రెండో రౌండులో అలీ ఒకసారి పడతాడు, లేస్తాడు, మూడూ నాలుగూ పట్టుకుని నెట్టుకొస్తాడు, ఆరు నుంచి జాబ్ ఆడుతుంది, పదకొండులో రిఫరీ ఆపేస్తాడు. బావ మొత్తం విని, "మరి టైసన్ తల వదిలేసి మొదటి రౌండు నుంచీ డొక్కలో కొడితే నీ అలీ ఆరో రౌండుకి అలా తిరగ్గలడా?" అన్నాడు. దానికి జవాబు కోసం మనీలా ఫైటు మళ్లీ పెట్టుకుని చూస్తున్నాను.