"అంతా సూపర్" అనకుండా మీటింగును అంచనా వేయడం: నా అనుభవం

నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల మీటింగుల్లో వక్తల సంగతి ఎవాల్యుయేటర్లు (ప్రసంగం విని బాగోగులు చెప్పేవాళ్లు) చూసుకుంటారు. జనరల్ ఎవాల్యుయేటర్ చూడాల్సింది సభ నడిచిన తీరు, ఆ ఎవాల్యుయేటర్ల పనితీరు. మా క్లబ్బులో ఈ వంతు వచ్చినవాళ్లు "అంతా సూపర్" అని కూర్చునేవారు. వినడానికి హాయే, కానీ మీటింగు ఎప్పుడూ ఆలస్యంగానే ముగిసేది.

నా వంతు వచ్చినప్పుడు కంటికి కనిపించింది మాత్రమే రాసుకున్నాను. "టైమ్ మేనేజ్‌మెంట్ బాలేదు" అనలేదు. "ఎవాల్యుయేషన్‌కి 2-3 నిమిషాలే. టైమ్ అయిపోయిందని చెప్పే ఎర్ర కార్డు లేచాక కూడా మాట సాగింది, ఎందుకంటే ఆ కార్డు చూపించే టైమర్ వెనక వరసలో ఉన్నారు, కార్డు ముందువాళ్ల తలల చాటున పడింది. ముందుకొచ్చి కూర్చుంటే సరిపోతుంది" అన్నాను. ఎవరి మొహమూ మాడలేదు. తర్వాతి మీటింగులో టైమర్ అడక్కుండానే మొదటి వరసలో కూర్చున్నారు. టేబుల్ టాపిక్స్‌లో (అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడే భాగంలో) మాత్రం ఇంకా పిలిచినవాళ్లనే పిలుస్తున్నారు.