‘షీ ఈజ్ ద మ్యాన్’ చూపించి పిల్లలతో ఆడ–మగ తేడాల గురించి మాట్లాడించడం ఎలా

2006లో వచ్చిన ఈ హాలీవుడ్ కామెడీ నిడివి దాదాపు గంటా నలభై ఐదు నిమిషాలు. తొమ్మిది, పది తరగతులకు సరిపోతుంది. అమెరికాలో పీజీ–13 సర్టిఫికెట్ (పదమూడేళ్లలోపు పిల్లలకు కొన్ని అంశాలు తగకపోవచ్చన్న హెచ్చరిక) ఇచ్చారు కాబట్టి ముందు మీరొకసారి పూర్తిగా చూడండి.

కార్న్‌వాల్ స్కూల్లో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును ఎత్తేస్తారు. వయోలా తన కవల సోదరుడు సెబాస్టియన్ వేషంలో ఇల్లిరియా స్కూల్లో చేరి అబ్బాయిల జట్టులో ఆడుతుంది. మూలం షేక్‌స్పియర్ నాటకం ‘ట్వెల్ఫ్త్ నైట్’. ఆ కాలంలో వయోలా పాత్ర కట్టింది కూడా అబ్బాయే. కూచిపూడిలో మగవాళ్లు సత్యభామ వేషం కట్టిన సంగతి గుర్తుచేస్తే పిల్లలకు ఇది చప్పున అందుతుంది.

రెండు రోజులు కేటాయించండి. మొదటి రోజు ఎక్కడా ఆపకండి. మధ్యలో ఆపి ప్రశ్నలేస్తే నవ్వు ఆగిపోతుంది, పిల్లలు మీకు నచ్చే జవాబు వెతకడం మొదలుపెడతారు. రెండో రోజు మూడు సన్నివేశాలు మాత్రం మళ్లీ వేయండి.

మొదటిది, కార్న్‌వాల్ అబ్బాయిల జట్టులో చోటివ్వమని వయోలా అడిగే ఘట్టం. కాగితం మీద మూడు గడులు గీయించండి: ఎవరు, ఏమన్నారు, ఏ ఆధారంతో. అమ్మాయిలకు అంత వేగం, బలం ఉండవని కోచ్ తేల్చేస్తాడు, ఆడించి చూడడు. మూడో గడి ఖాళీగా మిగులుతుంది. అంతకుముందు బీచ్‌లో ఆమె ఆటను మెచ్చుకున్న ఆమె బాయ్‌ఫ్రెండ్, ఆ జట్టు గోల్‌కీపర్ జస్టిన్ ఇక్కడ కోచ్ పక్షం చేరతాడు. అతని అభిప్రాయం మారిందా, పక్కనున్న మనుషులు మారారా అని అడగండి.

రెండోది పిజ్జా దుకాణం. ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. తోటి ఆటగాళ్ల దగ్గర ‘సెబాస్టియన్’కి విలువ పెరగాలని వయోలా స్నేహితులు నాటకమాడతారు. సెబాస్టియన్ వేషంలోని వయోలా, అసలు సెబాస్టియన్ గర్ల్‌ఫ్రెండ్ మోనిక్‌ని అందరి ముందూ చులకన చేయగానే అబ్బాయిలు జేజేలు కొడతారు. తనను ఆడపిల్లని తోసేసినందుకు వేషం కట్టిన అమ్మాయి, ఇంకో అమ్మాయిని కించపరిచి మగవాళ్ల మర్యాద సంపాదిస్తోంది! ‘మీరెక్కడ నవ్వారు? ఎవరి మీద నవ్వారు?’ రెండు నిమిషాలు మౌనంగా రాయమనండి. రాయకముందే నోరు విప్పనిస్తే మొదట చెయ్యెత్తినవాడి మాటే అందరి మాటవుతుంది.

ఇక్కడే చర్చ చెడిపోతుంది కూడా. తమను తప్పుపడుతున్నారనుకుని అబ్బాయిలు బిగుసుకుపోతారు, లేదా వెకిలి జోకులకు దిగుతారు. అందుకే ముందు ఇల్లిరియాలో వయోలా గదిలోనే ఉండే తోటి ఆటగాడు డ్యూక్ గురించి అడగండి: నచ్చిన అమ్మాయి ఎదుట మాట పెగలని ఈ కుర్రాడు స్నేహితుల దగ్గర మెత్తదనం ఎందుకు దాస్తాడు? అక్కణ్నుంచి వాళ్లే మాట్లాడతారు.

మూడోది ఇల్లిరియా, కార్న్‌వాల్ జట్ల చివరి మ్యాచ్. ఇల్లిరియా కోచ్ వయోలాను ఆడనిస్తాడు, జస్టిన్ కాపలా కాస్తున్న గోల్‌లోకే ఆమె బంతి కొడుతుంది. చప్పట్లయ్యాక అడగండి: కార్న్‌వాల్ అమ్మాయిల జట్టు ఏమైంది? మిగతా అమ్మాయిలు ఎక్కడ ఆడాలి? ఫెడరల్ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ–మగ వివక్ష కూడదని అమెరికాలో 1972 నుంచి టైటిల్ నైన్ చట్టం ఉందని అప్పుడు చెప్పండి.

తర్వాత వారంపాటు మీ స్కూలు గ్రౌండ్‌లోనే లెక్క రాయించండి. ఆటల పీరియడ్‌లో పది నిమిషాలకోసారి బంతి ఎవరి దగ్గరుంది, ఎంతమంది ఆడుతున్నారు, ఎంతమంది గట్టు మీద కూర్చున్నారు. కూర్చున్నవాళ్లను ‘ఆటలో ఉన్నారు’ కింద వేయడం మామూలుగా జరిగే పొరపాటు. వాళ్లకు వేరే గడి పెట్టండి.